పిల్లలు ఎక్కి తొక్కినా ఊగని ఆటబల్ల: కొలతలు, కోతలు, కీళ్లు

పిల్లల బల్ల బరువు మోయలేక విరగడం అరుదు. పక్కకు ఊగి ఊగి పాడవుతుంది. నలుగురూ ఒకే వైపు నుంచి ఆనుకుంటారు, అంచు పట్టుకుని గదంతా ఈడుస్తారు, ఒకరు పైకెక్కి రెండోవాళ్లకు చెయ్యి అందిస్తారు. ప్రతిసారీ ఆ బలమంతా కాలూ పట్టే (పైచెక్క కింద కాళ్లను కలిపే అడ్డకర్ర) కలిసే చోట పడుతుంది. అక్కడ ఉన్నది రెండు మేకులే అయితే వాటి చుట్టూ కన్నం పెద్దదై, కొన్నాళ్లకే బల్ల కిర్రుమనడం మొదలుపెడుతుంది. అందుకే చెక్క ఎంత మందం అని అడిగే ముందు కీలు ఎలా వెయ్యాలో తేల్చుకోవాలి.

ఇక్కడ చెబుతున్నది 90 సెం.మీ. పొడవు, 60 సెం.మీ. వెడల్పు, 48 సెం.మీ. ఎత్తున్న బల్ల. మూడు నుంచి ఐదేళ్ల పిల్లలు నలుగురు చుట్టూ కూర్చోవచ్చు. పూర్తయ్యాక సుమారు 13 కిలోలు తూగుతుంది. ఒక్క పిల్లవాడు సులువుగా లాగలేడు, పెద్దవాళ్లు ఒక్కరే ఎత్తి పక్కన పెట్టగలరు. ఇంటికైనా, అంగన్‌వాడీకైనా, చిన్న ప్రీస్కూలుకైనా ఇదే కొలత పనికొస్తుంది.

ఎత్తు ఎందుకు 48

బల్ల ఎత్తును వయసుతో కాకుండా పిల్లల పొడవుతో లెక్కకట్టాలి. బడి సామాన్లకు ఐరోపాలో వాడే ఈఎన్ 1729 ప్రమాణం ప్రకారం 93 నుంచి 116 సెం.మీ. పొడవున్న పిల్లలకు కుర్చీ 26, బల్ల 46 సెం.మీ. ఉండాలి. 108 నుంచి 121 సెం.మీ. ఉన్నవాళ్లకు కుర్చీ 31, బల్ల 53. కూర్చునే ఎత్తుకూ బల్ల పైభాగానికీ మధ్య తేడా 20 నుంచి 22 సెం.మీ. అన్నమాట. ఇల్లంటే పిల్లలు ఏటా పెరుగుతుంటారు కాబట్టి 48 దగ్గర ఆగి, పీటలను మార్చుకోవడం మేలు: ఇప్పుడు 26 సెం.మీ. పీట, రెండేళ్ల తర్వాత 28. బల్ల కాళ్లకు కింద ముక్కలు అతికించి ఎత్తు పెంచే ఆలోచన మాత్రం వద్దు. ఆ అతుకు దగ్గరే ఊగుడు మొదలవుతుంది.

నేల మీద బాసింపట్టు వేసుకుని కూర్చునే పిల్లలకైతే బల్ల ఎత్తు 20, 22 సెం.మీ. మించకూడదు. దానికోసం ఇదే బల్ల కాళ్లను పొట్టిగా కోస్తే కుదరదు. పైచెక్క కింద పట్టె 9 సెం.మీ. దిగుతుంది కనుక మోకాళ్లు దూరే చోటు మిగలదు. ఆ బల్లకు ఇరువైపులా నిలువు చెక్కలు పెట్టి వేరే పద్ధతిలో కట్టాలి.

కర్ర

కాళ్లకూ పట్టెలకూ టేకు, లేదంటే చేవ తేలిన వేప. వేపచేవకు చెద అంత త్వరగా పట్టదు. కానీ దాని పోగు (కర్రలోని నార) అటూ ఇటూ తిరిగి ఉంటుంది, చిత్రిక పట్టేటప్పుడు లేచిపోతుంది. ఉలి, తోపుడా బాగా పదును పెట్టుకుని పలచగా తీయాలి. రబ్బరు కర్రయితే బోరాన్ మందు పట్టించినదే కొనండి. మందు పట్టనిదాన్ని పురుగు తొలిచేస్తుంది, కింద పిండి రాలుతుంది. మామిడి, సుబాబుల్ కూడా అంతే. జామాయిల్ ఎండేకొద్దీ మెలి తిరుగుతుంది, పగుళ్లు ఇస్తుంది, కాళ్లకు పనికిరాదు. ఏ కర్రలోనైనా చేవ చుట్టూ ఉండే తెల్ల భాగాన్ని పురుగు ముందుగా పట్టుకుంటుంది. కోత మిల్లులో ముక్కలు ఏరేటప్పుడు నాలుగు అంచులూ తిప్పి చూడండి.

ప్యాకింగ్ పెట్టెల పైన్ కర్ర చవక. దాని మీద ముద్ర చూడందే తీసుకోకండి. 'హెచ్‌టీ' అని ఉంటే వేడితో శుద్ధి చేసినది. 'ఎంబీ' అని ఉంటే మిథైల్ బ్రోమైడ్ పొగ పట్టించినది, పిల్లల సామానుకు ఆ కర్ర వద్దు. శుద్ధి సంగతి బాగున్నా పైన్ మెత్తన. స్క్రూలు వదులవుతాయి. పీటలకైతే సరే, కాళ్లకు కాదు.

అన్నిటికంటే ముఖ్యం, కర్ర ఎండి ఉండాలి. పచ్చికర్రతో ఎంత బిగువుగా కీలు వేసినా రెండు వేసవులకు సందు వస్తుంది. నీడలో గాలికి పెట్టి ఆరబెడితే అంగుళం మందానికి సుమారు ఏడాది పడుతుందని లెక్క. అంత ఆగలేకపోతే పాత గుమ్మాల, కిటికీల టేకు కొనడం తెలివైన పని. ఎప్పుడో ఎండి స్థిరపడిన కర్ర అది. లోపలి మేకులన్నీ తీశాకే రంపం పెట్టండి. పాత రంగు ఉంటే పొడిగా గీకకండి, సీసం ఉండొచ్చు. తడిపి గీకి, ఆ పొట్టును మూటగట్టి పారేయండి. పిల్లలను ఆ చుట్టుపక్కలకు రానివ్వకూడదు.

పైచెక్కకు 19 మి.మీ. ప్లైవుడ్ వాడండి. చెక్కలు అతికించి చేసిన పలక అందంగా ఉంటుంది, నిజమే. కానీ అది వానాకాలంలో వెడల్పవుతుంది, ఎండాకాలంలో కుదించుకుంటుంది. దాన్ని స్క్రూలతో కదలకుండా బిగిస్తే మధ్యలో పగులు ఇస్తుంది. ప్లైవుడ్‌లో పొరలు అడ్డంగా నిలువుగా ఉంటాయి కనుక ఆ బాధ లేదు. నీళ్లు ఒలికే బల్ల ఇది, ఎంఆర్ రకం (తేమకు మాత్రమే ఆగేది) వద్దు. బీడబ్ల్యూఆర్ రకం (మరిగే నీటికీ ఆగేది) గానీ, ఐఎస్ 710 ముద్ర ఉన్న మెరైన్ ప్లైవుడ్ గానీ తీసుకోండి. పార్టికల్ బోర్డు, ఎండీఎఫ్ అసలే వద్దు. ఒకసారి నీరు తాగితే ఉబ్బుతాయి, స్క్రూ ఊడితే మళ్లీ పట్టదు.

ఏవి ఎన్ని

కాళ్లు 4: చిత్రిక పట్టాక 45 × 45 మి.మీ., పొడవు 461. (2 × 2 అంగుళాల కర్ర 7 అడుగులు కొనాలి.)

పొడవు పట్టెలు 2: 22 × 90 మి.మీ., ఒక్కొక్కటి 798. పొట్టి పట్టెలు 2: అదే మందం, అదే వెడల్పు, 498. నడిమి పట్టె 1: 22 × 60 మి.మీ., 490. (4 × 1 అంగుళాల చెక్క ఆరడుగులవి రెండు. మొదటి దాంట్లోంచి పొడవు పట్టెలు రెండూ, రెండో దాంట్లోంచి మిగిలిన మూడూ వస్తాయి. మిగిలే ముక్కల్లోంచి నాలుగు మూల దిమ్మలు, అంటే లోపలి మూలల్లో రెండు పట్టెలను ఏటవాలుగా కలిపే ముక్కలు, కోయొచ్చు.)

రీపరు: 20 × 20 మి.మీ., 8 అడుగులు. ప్లైవుడ్: 4 × 2 అడుగుల ముక్క, కోసిన కొలత 876 × 576 మి.మీ. అంచు పట్టీ: 12 × 21 మి.మీ., కోతల్లో పోయేదానితో కలిపి 11 అడుగులు.

మొత్తం కర్ర తరుగుతో కలిపి ముప్పావు ఘనపుటడుగుకు మించదు. స్క్రూలు 4 × 35 మి.మీ. వి 60 చాలు, ఇంకో కొలత అక్కర్లేదు. ఫెవికాల్ పావుకిలో. నీళ్లు తగిలే చోటు కాబట్టి మెరైన్ రకమైతే మంచిది.

కాలూ పట్టే కలిసే చోటు

మంచం పట్టె మంచంకోడులోకి ఎలా దిగుతుందో చూసినవాళ్లకు ఈ కీలు కొత్త కాదు. కాలిలో దీర్ఘచతురస్రపు బెజ్జం, పట్టె చివర అందులో దూరే నాలుక. నాలుకకు ఇరువైపులా ఉండే భుజాలు కాలికి ఆనుకుని నిలబడతాయి. ఊగుడును ఆపేది ఆ భుజాలే. పట్టె వెడల్పు 90 మి.మీ. ఉండాలనడం కూడా అందుకే: భుజం ఎంత పొడవుంటే అంత పట్టు. అలాగని 120కి పెంచితే మోకాళ్లు తగులుతాయి. ఇప్పుడున్న లెక్కలో పట్టె కింద 37 సెం.మీ. ఖాళీ ఉంటుంది. 26 సెం.మీ. పీట మీద కూర్చున్న పిల్లల తొడ పైభాగం సుమారు 35 దగ్గరికి వస్తుంది.

నాలుక కొలతలు ఇవి: పొడవు 24 మి.మీ., మందం 8, ఎత్తు 65. 22 మి.మీ. పట్టెకు రెండు వైపులా 7 చొప్పున తీస్తే 8 మిగులుతుంది. పై నుంచి 15, కింద నుంచి 10 కోసేయాలి. పైన 15 వదలకపోతే బెజ్జం కాలి పైకొసకు తెరుచుకుంటుంది, అక్కడ చీలుతుంది.

కాలి బయటి ముఖం నుంచి పట్టె 3 మి.మీ. లోపలికి ఉండేలా గీసుకోండి. రెండూ సమంగా ఉండాలని పట్టుబడితే ఆరాక వచ్చే వెంట్రుకవాసి తేడా కూడా కనపడుతుంది. 3 మి.మీ. మెట్టు ఉంటే ఎవరికీ కనిపించదు. అప్పుడు బెజ్జం బయటి ముఖం నుంచి 10 దగ్గర మొదలై 18 దగ్గర ముగుస్తుంది. లోతు 25. ప్రతి కాలికీ పక్కపక్క ముఖాల్లో రెండు బెజ్జాలు వస్తాయి. ఈ కొలతల్లో ఒకదానికొకటి తగలకుండా 2 మి.మీ. గోడ మిగులుతుంది. 25 దాటి లోతుకు పోతే ఆ గోడ పోతుంది, జాగ్రత్త.

పని వరుస కూడా ముఖ్యమే. నాలుగు కాళ్లనూ మొదట 486 మి.మీ.కు, అంటే 25 అదనంగా కోసుకోండి. ఆ 25 పైకొసన ఉండాలి. ఉలి దెబ్బకు కొస చీలకుండా అది కాపాడుతుంది, కీలు ఆరాక కోసేయొచ్చు. నాలుగు కాళ్లనూ ఒకచోట పేర్చి పట్టి, గీతలన్నీ మూలమట్టంతో ఒకేసారి గీయండి. విడివిడిగా కొలిస్తే ఒక పట్టె ఎక్కువ తక్కువ అయి తీరుతుంది. 8 మి.మీ. బిట్‌కు 25 మి.మీ. దగ్గర టేపు చుట్టి, వరసగా రంధ్రాలు వేసి, మిగిలింది ఉలితో శుభ్రం చెయ్యండి. బెజ్జాలు ముందు, నాలుకలు తర్వాత. బెజ్జాన్ని బట్టి నాలుకను పలచన చేయడం తేలిక, నాలుకను బట్టి బెజ్జాన్ని సరిచేయడం కష్టం.

నాలుక చేతితో నొక్కితే సగం దాకా దిగి, మిగతా సగం కొయ్యసుత్తితో చిన్నగా కొడితే దిగాలి. గట్టిగా బాదితే తప్ప దిగనిది కాలిని చీలుస్తుంది. ఊరికే దిగిపోయేదాన్ని ఫెవికాల్ నిలబెడుతుందని అనుకోకండి, సందును నింపే బలం దానికి లేదు. వదులైతే నాలుకకు పలచని చిత్రిక పొర అతికించి, ఆరనిచ్చి, మళ్లీ సరిచేయండి.

వడ్రంగి చేత చేయించేవాళ్లు ఈ ఒక్క విషయం ముందే మాట్లాడుకోవాలి. "స్క్రూలతో బిగిస్తాను, సరిపోతుంది" అంటే ఒప్పుకోకండి. పట్టె కొసలోకి దిగే స్క్రూ పోగు వెంట పోతుంది. అక్కడ పట్టు తక్కువ.

కూర్పు

జిగురు పెట్టకముందు బల్ల మొత్తం ఒకసారి పొడిగా కూర్చి చూడండి. ఏ నాలుక ఏ బెజ్జానిదో పెన్సిల్‌తో అంకె వెయ్యండి. తర్వాత రెండు కాళ్లూ ఒక పొట్టి పట్టే కలిపి ఒక చట్రం, అలాంటిదే ఇంకొకటి. వాటిని క్లాంపుల్లో రాత్రంతా వదిలి, మర్నాడు పొడవు పట్టెలతో కలపండి. నాలుగూ ఒకేసారి అతికించబోతే ఎండాకాలంలో చివరి కీలు దగ్గరికి వచ్చేసరికి మొదటిది గట్టిపడుతుంది. క్లాంపులు లేకపోతే నులకతాడు చుట్టి, మధ్యలో కర్ర దూర్చి మెలిపెట్టండి. మూలల దగ్గర తాడు కింద అట్టముక్క ఉంచండి.

బిగించిన వెంటనే కర్ణాలు కొలవండి. కాళ్ల బయటి మూల నుంచి ఎదురు మూలకు రెండూ 999 మి.మీ. రావాలి. 2 మి.మీ. దాకా తేడా ఉంటే పర్వాలేదు. ఎక్కువుంటే పొడవున్న కర్ణం వైపు క్లాంపు కొంచెం ఏటవాలుగా పెట్టి లాగండి. జిగురు ఆరాక సరిచేయడం కుదరదు. బయటికొచ్చిన జిగురును అప్పుడే తడిగుడ్డతో తుడవాలి. మరక మిగిలితే ఆ చోట పాలిష్ పట్టదు, తెల్లమచ్చగా కనిపిస్తుంది.

మూల దిమ్మలు 22 మి.మీ. మందం, 60 ఎత్తు. రెండు కొసలూ 45 డిగ్రీలకు కోస్తే పొడవైన ముఖం 102 మి.మీ. ఉండాలి. ఆ కొలతకు దిమ్మ సరిగ్గా కాలి లోపలి మూలకు ఆనుకుంటుంది. కాలికీ దిమ్మకూ మధ్య వేలు పట్టేంత సందు వదిలితే పిల్లల వేళ్లు అందులో ఇరుక్కుంటాయి. కింద దూరి ఆడేవాళ్లు వాళ్లే కదా. జిగురు రాసి, ఒక్కో కొస నుంచి 18 మి.మీ. దూరంలో పట్టెలోకి ఒక్కో స్క్రూ వేయండి. ముందుగా 3 మి.మీ. రంధ్రం తప్పనిసరి. టేకు, వేప రెండూ రంధ్రం లేకుండా స్క్రూ వేస్తే చీలతాయి.

నడిమి పట్టెను పొడవు పట్టెల మధ్య, పైఅంచులు సమంగా ఉండేలా పెట్టండి. రెండు కొసల దగ్గరా రెండు వైపులా 60 మి.మీ. రీపరు ముక్కలు నిలబెట్టి జిగురు, స్క్రూలతో బిగించండి. పిల్లలు బల్ల నడుమ నిలబడి గెంతినప్పుడు ప్లైవుడ్ కుంగకుండా ఆపేది ఇదే. మిగిలిన రీపరును పట్టెల లోపలివైపు పైఅంచుకు సమంగా బిగించండి: పొడవు పట్టెలకు 290 మి.మీ. ముక్కలు నాలుగు, పొట్టి పట్టెలకు 320 మి.మీ. వి రెండు.

ఇప్పుడు కాళ్ల పైన వదిలిన 25 మి.మీ. కోసేసి, చట్రాన్ని సమతలమైన గ్రానైట్ మీద గానీ టైల్స్ మీద గానీ నిలబెట్టండి. ఊగితే ఆనని కాలి కింద కాగితాలు దూర్చి ఆ సందును కొలవండి. అది ఆనేదాకా, ఊగినా నేలను వదలని ఎదురెదురు మూలల కాళ్లు రెంటిలో ఒకదాన్ని ఆ మేరకు చిత్రిక పట్టాలి. నాలుగు కాళ్ల అడుగు అంచులనూ 3 మి.మీ. ఏటవాలుగా తీయండి. లేకపోతే ఈడ్చినప్పుడు పెచ్చులు లేస్తాయి.

పైచెక్క

ప్లైవుడ్ చుట్టూ 12 మి.మీ. కర్రపట్టీ జిగురుతో అతికించి, మూలలు 45 డిగ్రీలకు కలపాలి. సన్నమేకులు కొట్టకండి. మూలలు గుండ్రం చేసేటప్పుడు పనిముట్టు వాటికి తగులుతుంది. మాస్కింగ్ టేపుతో గట్టిగా లాగి కడితే చాలు. పట్టీ 21, ప్లైవుడ్ 19, అంటే రెండు వైపులా ఒక్కో మి.మీ. మిగిలి ఉంటుంది. ఆరాక దాన్ని తోపుడాతో సమం చేయండి. ప్లైవుడ్ పైపొర చాలా పలచన, తోపుడా దాని మీదికి పోకూడదు.

మూలలు 30 మి.మీ. వ్యాసార్ధంతో, అంటే 6 సెం.మీ. అడ్డకొలత ఉన్న డబ్బా మూత ఆనించి గీసుకుని గుండ్రం చేయండి. పట్టీ 12 మి.మీ. ఎందుకో ఇక్కడ తెలుస్తుంది: ఈ గుండ్రం మూల దగ్గర 9 మి.మీ. దాకా లోపలికి పోతుంది. 6 మి.మీ. పట్టీ వేసి ఉంటే ప్లైవుడ్ పొరలు బయటపడేవి. పై, కింది అంచులు రెండూ 6 మి.మీ. గుండ్రం. కిందిది కూడా ఎందుకంటే, బల్ల కింది నుంచి లేచే పిల్లల తల తగిలేది దానికే.

చుట్టూ 30 మి.మీ. మాత్రమే బయటికి ఉండేలా చట్రం మీద పెట్టి, రీపరు కింది నుంచి స్క్రూలు వేయండి. బయటికి ఎక్కువ వదిలితే అంచు మీద కూర్చున్నప్పుడు బల్ల తిరగబడుతుంది. రీపరు 20, ప్లైవుడ్ 19, కలిపి 39. అందుకే 35 స్క్రూ. 40ది వేస్తే మొన పైకి పొడుచుకొస్తుంది.

చుట్టూ ఎత్తు అంచు కట్టి పూసలు జారకుండా చేద్దామని చాలామందికి అనిపిస్తుంది. రాసేటప్పుడు ముంజేతులు ఒత్తుకుంటాయి, మూలల్లో మట్టి నిలిచిపోతుంది. ఇసుక, నీళ్ల ఆటకు విడిగా ఓ ట్రే పెట్టుకోవడమే మంచిది.

పూత

ఉప్పుకాగితం 80 నంబరుతో మొదలుపెట్టి 120, తర్వాత 180. ఎప్పుడూ పోగు వెంటే రుద్దాలి. తర్వాత తడిగుడ్డతో ఒకసారి తుడిచి ఆరనిస్తే పోగు లేస్తుంది. 220తో మెల్లగా రుద్దేయండి. ఈ పని వదిలేస్తే మొదటి పూత తర్వాత బల్లంతా గరగరలాడుతుంది.

నీటితో కలిపే పారదర్శక పాలియురేథేన్ వార్నిష్ మూడు పలచని పూతలు వేయండి. డబ్బా మీద చెప్పినంత సేపు మధ్యలో ఆరనిచ్చి, 220తో రుద్ది, తుడిచి, తర్వాతది. లీటరు డబ్బా చాలు. అడుగుభాగానికీ పూత వేయాలి. ఒక వైపే వేస్తే తేమ రెండో వైపు నుంచి ఎక్కి పలక వంగుతుంది. కాళ్ల అడుగున పోగు కొస నేల తడిని పీల్చుకుంటుంది కాబట్టి అక్కడ రెండు పూతలు అదనం. ముసురు రోజుల్లో ఈ పని పెట్టుకోకండి. స్పిరిట్‌లో కలిపిన లక్క పాలిష్‌కు సహజమైన మెరుపు ఉంటుంది, కానీ నీళ్లగ్లాసు పెడితే తెల్ల వలయం పడుతుంది. కాళ్లకు అది బాగుంటుంది. అవిసెనూనె వాడితే ఆ నూనెగుడ్డలను ముద్దగా చుట్టి మూల పడేయకండి, వాటంతటవే అంటుకోగలవు. నీళ్లలో తడిపి, పరిచి ఆరవేయాలి.

రంగు కావాలంటే కాళ్లకు వేయండి, పైచెక్కకు వద్దు. ఇళ్లకు వాడే పెయింట్లలో సీసం 90 పీపీఎం (పది లక్షల పాళ్లకు 90) మించకూడదనే నిబంధన మన దేశంలో 2017 నవంబరు నుంచి అమల్లో ఉంది. డబ్బా మీద ఆ మాట రాసి ఉన్నదే కొనండి. విడిగా కలిపి అమ్మే రంగు, పాత డబ్బాలో మిగిలిన రంగు వాడకండి. పిల్లలు అంచులు కొరుకుతారు.

చివరి పూత తర్వాత వారం రోజులు గాలి ఆడే చోట వదిలేయండి. ముక్కు దగ్గర పెట్టి చూస్తే వాసన ఉండకూడదు. కాళ్ల కింద రబ్బరు బుష్‌లు స్క్రూతో బిగించండి. అతికించేవి నాలుగు రోజుల్లో ఊడతాయి, ఊడినవి నోట్లోకి పోతాయి.

ఆఖరున పొట్టి వైపు నిలబడి, పైచెక్క అంచును రెండు చేతులతో ముందుకూ వెనక్కూ తొయ్యండి. చప్పుడు వినిపిస్తే చెవి పెట్టి ఏ మూలదో పట్టుకోండి. తర్వాత పెద్దవాళ్లెవరైనా పొడవు అంచు నడుమ కూర్చుని చూడాలి, ఎదుటి కాళ్లు లేవకూడదు. మొదటి వానాకాలం, మొదటి వేసవి గడిచాక ఒకసారి బోర్లించి, మూల దిమ్మల స్క్రూలు చేత్తో పావు చుట్టు తిప్పి చూడండి.